పశువుల కొట్టము, పనివాని మేను
(పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



న్యాయవాదులకు పశువుల కొట్టముతో నేమి పని యని మీలో కొందఱు తలపవచ్చును. కొట్టములో మొదలైన దుఃఖము కొన్ని వేళల మా బల్ల యొద్దకు వచ్చుచున్నది. అంతకంటె ఎక్కువ వేళల ఎచ్చటికిని రాక ఇంటి మూలనే మఱుగుపడుచున్నది. ఎద్దు కుమ్మిన పాలేరు, గేదె తన్నిన పాలమనిషి, దాణా బస్తా నెత్తి నడుము పట్టుకొనిపోయిన కూలీ, పేడ తట్టలు మోసి మోసి మెడ త్రిప్పలేని ముసలమ్మ, వీరిలో పలువురు ఆసుపత్రికే పోరు. ఇక న్యాయస్థానమునకు వచ్చుట యెక్కడ? సేవకులముగా పల్లెలు తిరిగినప్పుడు మేము చూచినదియు, వృత్తిలో విన్నదియు కలిపి ఈ సాయంకాలము మీ యెదుట పెట్టుచున్నాము.

కొలది కాలము క్రిందట మా యొద్దకు ఒక పాలేరు వచ్చెను. వయస్సు ముప్పది దాటలేదు. కుడిచేతికి బొటనవ్రేలు లేదు. కోడెను సంతకు తోలుకొని పోవుచు, పలుపును చేతికి రెండు చుట్లు చుట్టుకొనెనట. వెనుకనుండి లారీ కూత పెట్టినది, కోడె బెదరి ఉఱికినది, పలుపు బిగిసినది, వ్రేలు కణుపు కడ తెగినది. యజమాని దుర్మార్గుడు కాడు. తానే ఆసుపత్రికి కొనిపోయెను, ఖర్చు తానే పెట్టెను. పిమ్మట ఆ ఖర్చును ఏటి జీతములో కోత వేసెను. అడిగినచో "వాని గ్రహచార మట్లున్నది" అనెను. విచిత్ర మేమనగా పాలేరును అదే మాట అనెను. యజమానికిని పాలేరుకును ఏకాభిప్రాయ మున్న ఆ ఒక్క మాటయందే మాకు వారిరువురితోను వివాదము.

గ్రహచారము కాదు, పలుపు చుట్టుకొనుటయే కారణము. ఎదిగిన ఒంగోలు గిత్త అయిదాఱు వందల కిలోల బరువుండును. అది ఒక్క పెట్టున ముందున కుఱికినప్పుడు ఎంతటి బలశాలియైనను పట్టి నిలుపజాలడు. పలుపు చేతిలో ఊరక యున్నచో జాఱిపోవును, అరచేయి ఒరసికొనిపోవును, అంతే. చుట్టుకొనియున్నచో వ్రేలైనను పోవలెను, మనిషియైనను ఈడ్వబడవలెను. మిగిలిన త్రాటిని చుట్లుగా గాక మడతలుగా, ఒకదానిపై నొకటి పేర్చి పిడికిట పట్టుకొనవలెను. అప్పుడు పశువు లాగినచో మడతలు వాటంతట అవి విడిపోవును. కొయ్యకు కట్టునప్పుడు ఒక్క లాగుతో ఊడు జాఱుముడి వేయవలెను. ఇది నేర్పుటకు పావుగంట చాలును. కోడెను కొనునాడు పండ్లు చూచెదము, సుడులు చూచెదము, నడిపించి చూచెదము, ఊరిలోని పెద్దల నందఱిని పిలిచి చూపెదము. దానిని పట్టవలసినవానికి పలుపు పట్టుట తెలియునా యని మాత్రము అడుగము.

మా తాతలనాటినుండి ఎవరు నేర్పిరి, ఎవరు నేర్చిరి, పనులు జరుగలేదా యని కొందఱు పెద్దలు మాతో వాదించిరి. వారి మాటలో కొంత సత్యము కలదు. పూర్వము పాలేరు కుఱ్ఱవాడును దూడయు ఒక కొట్టములోనే పెరిగెడివారు. దాని తల విసరు వాడెఱుగును. వాని అదలింపు అది యెఱుగును. ఆ చదువు బడి లేకయే వచ్చెడిది. నేడు దుక్కి ట్రాక్టరు పాలైనది, ఎద్దులు తగ్గినవి. పట్టణముల అంచులందు ఇరువది, ముప్పది ముఱ్ఱా గేదెలతో పాలకొట్టములు వెలసినవి. వానిలో పనికి చేరువారు తఱచుగా దూరపు రాష్ట్రములనుండి వచ్చినవారు. పశువు నిన్న సంతలో కొన్నది, మనిషి నేడు బండి దిగినవాడు. ఆ మనిషి అదలింపు హిందీలోనో భోజపురిలోనో యుండును. గేదెకు తెలిసినది తెలుగు! నవ్వుటకు చెప్పిన మాట కాదు. కేక అర్థము కాని పశువు బెదరును. బెదరిన పశువు తన్నును. తాతలనాటి చదువు పోయినచోట క్రొత్త చదువు పెట్టకుండుటయే నేటి లోపము.

పశువు మనవలె చూడదు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ప్రక్కలను, చాల వఱకు వెనుకను చూడగలదు గాని, సరిగా తోక వెనుక నిలిచినవాడు దానికి కానరాడు. కనబడనిచోటనుండి చేయి పడినచో తన్నక యేమి చేయును? లోతును గుర్తించు శక్తియు దానికి తక్కువ. అందుచేతనే నీడ చారను, కాలువ గాడిని, నీటి మడుగును చూచి నిలిచిపోవును. మనము దానిని మొండితన మనుకొని తోక మెలిపెట్టుదుము. ఆ మెలితోడనే సగము దెబ్బలు పుట్టుచున్నవి. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అను పశుశాస్త్రజ్ఞురాలు ఈ సంగతులను అనేక వత్సరములు పరిశీలించి, పశువు చుట్టును కనబడని యొక సరిహద్దు కలదనియు, దానిని దాటి లోనికి వచ్చినవానికి దూరముగా అది జరుగుననియు, భుజమునకు వెనుక నిలిచినచో ముందునకును, భుజమునకు ముందు నిలిచినచో వెనుకకును నడచుననియు చెప్పి, ఆ ప్రకారము దొడ్లను కట్టించెను. మన పాతకాపులు ఈ మర్మమును పేరు పెట్టకయే యెఱుగుదురు. మాట్లాడుచు, కనబడుచు, భుజము ప్రక్కగా పోవలెను. అవసరమైనచో ఒంటికి ఒరసికొని నిలువవలెను, లేదా కాలు చాచినను అందని దూరమున నిలువవలెను. నడిమి దూరమే ప్రమాదము. గుఱ్ఱము తిన్నగా వెనుకకు తన్నును గాని, ఆవు కాలు ముందునకు తెచ్చి ప్రక్కకు విసరును. అందుచే ప్రక్కన నున్నాము గదా యను ధైర్యము ఆవు కడ పనికిరాదు. ఈనిన గేదె దూడకును దానికిని నడుమ నెవ్వరును నిలువరాదు. ఆబోతు కడకు ఒంటరిగా ఎవ్వరిని పంపరాదు, అది పెంపుడు మచ్చికగలదైనను సరే.

ఇక బరువుల మాట. కొమ్ము పోటును ఊరంతయు చూచును. నడుము నొప్పిని ఎవ్వరును చూడరు. మా అభిప్రాయమున కొట్టములోని పనివారిని ఎక్కువగా కూల్చునది కొమ్ము గాదు, బరువు. నలువది లీటర్ల పాలక్యానును తీసికొనుడు. పాలు నీటికంటె కొంచెము బరువు. అవియే 41 కిలోలు. క్యాను బరువు కలిసినచో ఇంచుమించు 50 కిలోలు. దాణా బస్తాయు 50 కిలోలే. దీనిని తెల్లవారుజామున మంచులో, తడి నేలపై, కాళ్ళు చాచి నడుము మాత్రము వంచి ఎత్తి, అట్లే మేను త్రిప్పి బండి మీదికి విసరుదురు. వంగుట, ఎత్తుట, త్రిప్పుట ఈ మూడును ఒక్కమాఱు జరిగినప్పుడు వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ళపై పడు ఒత్తిడి ఇంతింత గాదు. ఒకనాడు అది ప్రక్కకు జాఱి నరమును నొక్కును. నడుమునుండి మడమ దాక తీపు పుట్టును. అంతటితో ఆ మనిషి సంపాదన సగమైనట్లే.

1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టములో 34వ విభాగము, దెబ్బ కలిగించునంతటి బరువును ఏ పనివానిచేతను ఎత్తింపరాదని శాసించినది. గేటు లోపలి బస్తాకు చట్ట మున్నది. గేటు వెలుపల, కొట్టములో, అదే బస్తాకు అదే నడుమునకు అట్టి కట్టుబాటు లేకపోయెను. చట్టము రాకముందే యజమాని చేయగలిగిన దేదనగా: బస్తాను కొట్టము గుమ్మములోనే విప్పి రెండు గంపలు చేయించుట, క్యానుకు రెండు చెవులున్నది ఇద్దఱు పట్టుటకే యని గుర్తెఱుగుట, ఇద్దఱు దొరకనిచోట ఇరువది లీటర్ల క్యానులు వాడుట, పాలబండి నిలుచు చోట బండి పలక ఎత్తున నొక అరుగు కట్టించుట. అరుగు ఉన్నచో క్యానును ఎత్తనక్కరయే లేదు, దొర్లించిన చాలును. నేలమీది బరువు ఎత్తవలసినప్పుడు మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి హత్తుకొని లేచి, త్రిప్పవలసినచో నడుము గాక పాదములు త్రిప్పవలెను. మన పెద్దలు కావడి నేల కనిపెట్టిరి? బరువు రెండు ప్రక్కలకు పంచబడి వెన్ను నిటారుగా నుండుటకే. పేడను నెత్తి తట్టలో మోయించుటకంటె కావడిలో మోయుట మేలు. కావడికంటె ఒంటిచక్రపు తోపుడుబండి మేలు. పొట్టి చీపురుతో నడుము విఱుగ వంగి కొట్టము ఊడ్చు స్త్రీకి నిలువెత్తు కఱ్ఱ గల పారయో చీపురో ఇచ్చుటకు ఎంత ఖర్చగును? ఈ ప్రశ్నను మేము ఒక గ్రామమున అడిగితిమి. "ఆమె యెన్నడును అడుగలేదే" యని జవాబు వచ్చెను. దినకూలికి వచ్చిన యామె చీపురు కఱ్ఱ పొడవును గూర్చి అర్జీ పెట్టుననియా వారి యాశ?

పాలు పితుకుట తేలిక పని యని పట్టణమువారి తలపు. గంటల తరబడి గొంతుకూర్చుండి, మోకాళ్ళ నడుమ చెంబు నిఱికించుకొని పితికెడివారి మోకాళ్ళను, మణికట్టులను అడుగుడు. ఒక చిన్న ముక్కాలిపీట మోకాళ్ళను కాచును; గేదె కదలినప్పుడు లేచి తొలగుటకును వీలగును. బొటనవ్రేలు మడిచి చన్నును నొక్కి పితుకు అలవాటు వ్రేలికిని చేటు, పొదుగునకును చేటు. పిడికిలి నిండ పట్టి పితుకుటయే మంచి పద్ధతి యని పాడిశాస్త్రము చెప్పుచున్నది. తన్ను గేదెకు వెనుకకాళ్ళకు మోకాలి కీలు పైన బందము వేయవలెను. అదియు సుళువుగా ఊడునట్లు. కొట్టపు నేలను గూర్చి ఒక్క మాట: నున్నని సిమెంటు, నున్నని నాపరాయి చూపునకు శుభ్రముగాని, మూత్రముతో తడిసినప్పుడు మనిషికిని పశువునకును అవి యొక ఉచ్చు. నేలపై గీతలు పెట్టించి, నలువది అడుగులకు ఒక అడుగు మేర పల్లము విడిచి, నీరు కాలువ కెక్కునట్లు చేసినచో జాఱుట చాలవఱకు నిలిచిపోవును.

అన్నిటికంటె ఎక్కువ దెబ్బలు తగులుదినము ఒకటి కలదు. అది టీకాల దినము. 2019వ సంవత్సరము సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము గాలికుంటు వ్యాధిని, బ్రూసెల్లా వ్యాధిని అరికట్టుటకై 13,343 కోట్ల రూపాయల కార్యక్రమము నారంభించెను. ఆఱు మాసముల కొకమాఱు పశువుల కన్నిటికిని గాలికుంటు టీకా వేయవలెనని ఏర్పాటు. మంచి పని, దానిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. అదే 2019లో ప్రకటింపబడిన 20వ పశుగణనలో దేశమున ఆవులు, ఎద్దులు కలిసి 19 కోట్ల 24 లక్షలు, గేదెలు, దున్నలు 10 కోట్ల 98 లక్షలు అని తేలినది. ఇన్నిటిని ఎవరో ఒకరు పట్టి నిలుపవలెను గదా! సూదికి లెక్క కలదు, మందునకు లెక్క కలదు, పశువు చెవికి తగిలించు పోగునకును సంఖ్య కలదు. కొమ్ములు పట్టినవాని లెక్క ఏ పుస్తకములోను మాకు కానరాలేదు.

ఆ దినమున రావిచెట్టు క్రింద జరుగునది మీరొకమాఱు పోయి చూడుడు. ఊరి పశువు లన్నిటిని ఒక్కమాఱే తోలుకొని వత్తురు. ఒకదాని బెదరు మఱొకదాని కంటును. ఒకడు ముక్కుపుటములు పట్టును. ఇద్దఱు కొమ్ములు పట్టుదురు. ఒకడు తోక మెలివేయును. సూది గ్రుచ్చుట అరనిముసము, పెనుగులాట పది నిముసములు. టీకా వేయు ఉద్యోగికిని, ఆయనతో వచ్చిన గోపాలమిత్రకును దెబ్బలు తప్పవు. పశువుల ఆసుపత్రులందు ఇనుప గొట్టములతో నొక బోను ఉండును, దానిని ట్రెవిస్ అందురు. పశువు దానిలో నిలిచినచో ఒక్క మనిషి చాలును. ఆసుపత్రికి రాని పశువునకు ఆ బోను ఊరిలో నుండవద్దా? ఇనుము లేనిచో నాలుగు గట్టి కొయ్య గుంజలు లోతుగా పాతి, అడ్డకఱ్ఱలు బిగించి, వెనుక నొక వాసము త్రోసినచో పని జరుగును. ఊరి వడ్రంగి చేయలేని వస్తువు కాదది. వీథి వారీగా వేళ చెప్పి, అయిదాఱు పశువులకు మించకుండ ఒకమాఱు రప్పించినచో పెనుగులాట సగము తగ్గును. నాడాలు కొట్టుటకును, కొమ్ములు కోయుటకును, చూలు పరీక్షకును ఆ బోనే ఉపయోగించును. పంచాయతీవారు బొడ్డురాయి పండుగకు చందాలు పోగుచేయగలిగినప్పుడు నాలుగు గుంజలు పాతింపలేకపోరని మా నమ్మకము.

దెబ్బ తగిలిన పిమ్మట చేయవలసిన దానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. కొమ్ము పోటు కొట్టపు మట్టితోను పేడతోను కలియును గనుక ధనుర్వాతము భయము కలదు. సబ్బుతోను మంచినీటితోను బాగుగ కడిగి అదే దినమున సూది వేయింపవలెను. పేడ, సున్నము, కాఫీపొడి పుండుమీద అద్దరాదు. కడుపునకు తన్ను తగిలినవాడు పైకి బాగుగనే యుండి లోపల రక్తము కారి చావవచ్చును. "ఏమియు లేదు" అని వాడే అన్నను ఆసుపత్రికి కొనిపోవలెను. ఈనుటకు సాయపడువారు వట్టి చేతులతో మావిని తాకరాదు. బ్రూసెల్లా జ్వరము ఆ త్రోవనే మనిషి కెక్కును.

ఇప్పుడు మా వృత్తి విషయము. పనిలో దెబ్బతిన్నవానికి యజమాని పరిహార మీయవలెనను చట్టము మన దేశమున 1923లో పుట్టినది. 2009లో దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టముగా మాఱినది. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతి దానిని తనలో కలుపుకొనినది. వ్యవసాయమునకు సంబంధించి ట్రాక్టరు మొదలగు యంత్రములపై పనిచేయువారికే అది వర్తించునని చదువుకొన్నవారు సైతము అనుకొనుచుందురు. 1923 చట్టపు రెండవ అనుబంధమును చివరి దాక చదువుడు. గుఱ్ఱములు, కంచరగాడిదలు, ఎద్దులు వంటి జంతువులను పట్టు పనిలో నున్నవారు అని స్పష్టముగా వ్రాసియున్నది. "వంటి" అనుమాటలో గేదె యిమడదని ఎవరైన వాదించినచో ఎదుర్కొనుటకు మేము సిద్ధము. దినకూలి గదా, శాశ్వతపు పనివాడు కాడు గదా యను సాకును 2000వ సంవత్సరపు సవరణ చాలవఱకు త్రోసివేసినది. యజమాని తప్పు చేసెనని నిరూపింపనక్కర లేదు; పనిలో నుండగా, పని మూలమున దెబ్బ తగిలినదని చూపిన చాలును. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు, ఒక కన్ను పోయినచో నూటికి 40 వంతులు నష్టమని మొదటి అనుబంధము లెక్క కట్టినది. హక్కు వదలుకొంటినని కాగితముపై వేలిముద్ర వేయించుకొన్నను అది చెల్లదు. చికిత్స ఖర్చును జీతములో కోసినవారు ఈ మాట వినవలెను.

యజమానులకును ఒక మాట. పరిహార మంతయు ఒక్కమాఱు నెత్తిన పడినచో చిన్నరైతు కూలిపోవును. అది మాకు తెలియును. భీమా చేయించుటయే దారి. ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకు ఖాతాదారులకు లభించు ప్రధానమంత్రి సురక్షా భీమా కలదు. ప్రమాదమున చనిపోయినచో రెండు లక్షలు, ఒక కన్నో ఒక చేయో ఒక కాలో పోయినచో ఒక లక్ష. బొటనవ్రేలు ఒక్కటే పోయినచో దానిలో నేమియు రాదు. కావున దానిని చేయించితిమి గదా యని పరిహారపు బాధ్యత తీరినదనుకొనరాదు.

మీలో పలువురకు పల్లెలలో భూములును, కొట్టములును కలవు. లేనివారికి పాలవాడైనను కలడు. వచ్చు టీకాల దినమునకు ముందు జరుగు గ్రామసభలో బోను సంగతి ఎత్తవలసినవారు మీరే. పాలేరు ఎత్తడు, ఎత్తినను వినరు. పాలసంఘములలో సభ్యులైనవారు క్యానుల అరుగు సంగతి అడుగుడు. దెబ్బతిన్నవా డెవడైన మీ యెఱుకలో నున్నచో, ఆసుపత్రి చీటీని పారవేయనీయక, దెబ్బ తగిలిన తేదీని, చూచినవారి పేర్లను వ్రాయించి, యజమానికి వెంటనే వ్రాతమూలకముగా తెలిపించుడు. రెండు వత్సరములు గడవకముందే కార్మికశాఖాధికారి కడ అర్జీ పడవలెను. రెండవ అనుబంధములోని ఆ పంక్తికిని, మొదటి అనుబంధములోని అవయవముల పట్టికకును మేము చేసిన తెలుగు అనువాదమును ఈ మందిరపు బల్లపై నుంచితిమి. వ్రాసికొనగోరువారు వ్రాసికొనవచ్చును. అర్జీ వ్రాయించుకొనగోరువారు ఆదివారము ఉదయము వచ్చినచో రుసుము లేకుండ వ్రాసి యిచ్చెదము.